నాడిముద్ర

సన్నిబాబు గుండెను కాసేపు ఆపాలంటే కంపెనీ అనుమతి కావాలని ఆసుపత్రివాళ్ళు చెప్పినప్పుడు సౌదామిని ముందు నవ్వింది. ఏదో పొరపాటు జరిగిందనుకుంది. మొగుడి ఆపరేషనుకి పెళ్ళాం సంతకం అడుగుతారు గాని, మొగుడికి జీతమిచ్చే కంపెనీ సంతకం ఎవరడుగుతారు?

డాక్టర్ తబస్సుమ్ నవ్వలేదు. బల్లమీది కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పింది.

"తేదీ వేద్దామని చూస్తే ఇది ఒప్పుకోవడం లేదమ్మా. ఈ మనిషి నాడి ఆగడానికి వీల్లేదంటోంది. వాల్వు మార్చాలంటే గుండె ఆపాలి. ఆపినంతసేపూ గుండె పని ఒక యంత్రం చేత చేయిస్తాం. ఆ యంత్రాన్ని నడిపే ప్రోగ్రాము మీ ఆయన నాడి మీదే నడుస్తోందట. ఆయన గుండె ఆపగానే ఆయన్ని బతికించాల్సిన యంత్రం కూడా ఆగిపోతుంది. నాకు అర్థమైందే మీకు చెబుతున్నాను. నిజమేనా?"

నిజమో కాదో సౌదామినికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆ నాడిముద్రను కనిపెట్టింది ఆమే.

ఏ సంస్థలో చూసినా ఇప్పుడు మనుషులకంటే ప్రోగ్రాములే ఎక్కువ. కుర్చీలో ఒక మనిషి కూర్చుంటే వాడి వెనక కంటికి కనిపించని నౌకర్లు వందమంది. ఒకటి నీళ్ళ పంపు తిప్పుతుంది, ఒకటి గోదాం తలుపు తీస్తుంది, ఒకటి రోగికి ఎక్కే మందు చుక్కల్ని లెక్కపెడుతుంది. ఒక్కోదానికీ ఒక పేరు, ఒక రహస్యపు తాళం. మనిషి ఉద్యోగం మానేస్తే గుర్తింపు కార్డు లాక్కుని పంపిస్తారు. ప్రోగ్రాముని పుట్టించినవాడు మానేస్తే మాత్రం అది తాళం చేతపట్టుకుని అలా తిరుగుతూనే ఉంటుంది. అలాంటి దిక్కులేని ప్రోగ్రాము తాళం ఒకటి ఎవడో దొంగిలించి, ఐదేళ్ళ కిందట ఒక ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా వాల్వు తిప్పేశాడు. ముగ్గురు ఆడకూలీలు ఊపిరాడక పోయారు.

ఆ వార్త చదివినప్పుడు సౌదామినికి వచ్చిన కోపంలోంచే నాడిముద్ర పుట్టింది. తాళాన్ని ఎక్కడా దాచకపోతే దొంగిలించడానికి ఏముంటుంది? మణికట్టుకి ఒక పట్టీ కడతారు. దాన్ని కంపెనీ తప్ప ఇంకెవరూ విప్పలేరు. బతికున్న మనిషి నాడిలో ఏ రెండు దెబ్బలూ అచ్చం ఒకేలా ఉండవు. ఆ తేడాల్లోంచి ప్రతి క్షణం ఒక కొత్త తాళం పుడుతుంది, మరుక్షణం చచ్చిపోతుంది. ప్రోగ్రాము పని చేసిన ప్రతిసారీ తనకి పూచీ పడ్డ మనిషి, అంటే పూచీదారు, ప్రాణంతో ఉన్నాడని రుజువు చూపాలి. నాడిని రికార్డు చేసి మోసం చెయ్యబోతే దొరికిపోతారు. యంత్రం ఏం చేసినా దాని వెనక బతికున్న మనిషొకరు నిలబడి ఉండాలన్నది ఆమె పంతం.

మొదటి పట్టీని ఆమె కట్టింది సన్నిబాబు చేతికే. అతను ఈత నేర్పే మాస్టరు. చిన్నప్పటినుంచీ సముద్రంలో పెరిగిన మనిషి కావడంతో నాడి నిదానంగా, బలంగా కొట్టుకునేది. ఆమె పనిచేసే కంపెనీ ప్రయోగశాల అంతా ఆ గీతను చూసి మురిసిపోయింది. "ఇలాంటి నాడి లక్షకొకటి దొరకదు," అన్నాడు కంపెనీ అధిపతి నిరంజన్. అతనే ఇంటికొచ్చి సన్నిబాబుకి పూచీదారు ఉద్యోగం ఇచ్చాడు. నలభై ప్రోగ్రాములకి పూచీ. పట్టీ కట్టుకుని మామూలుగా బతకడమే పని.

మామూలుగా బతకడం కుదరలేదు. నీళ్ళలో మునిగితే పట్టీకి సంకేతం అందదు కాబట్టి ఈత మానమన్నారు. ఈత మాస్టరు కొలను గట్టుమీద నిలబడి ఈల ఊదడం మొదలెట్టాడు. తరవాత మెట్లు గబగబా ఎక్కొద్దన్నారు. ఒకసారి ఇంట్లో మొగుడూ పెళ్ళాలు చిన్న విషయానికి గొడవపడుతుంటే ఫోను మోగింది. "మీ నాడి పెరుగుతోంది సార్. దయచేసి కొంచెం శాంతించండి," అందొక ఆడగొంతు. సన్నిబాబు ఫోను పెట్టేసి, పెళ్ళాం వైపు చూసి, నెమ్మదిగా మంచినీళ్ళు తాగాడు. ఆ గొడవ అక్కడితో ఆగిపోయింది. తరవాత వాళ్ళింట్లో గొడవలే లేకుండా పోయాయి.

అతని తల్లి అప్పలనరసమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఏటే దామినీ, ఆడి సేతికి బేడీ ఏసినావు? ఆడు ఏడిసినా ఏడవొద్దని పోన్ సేస్తారేటి?" అని అడిగేది. సౌదామిని ప్రతిసారీ ఏదో సర్దిచెప్పేది.

ఇప్పుడు గుండె వాల్వు పాడైంది. పదిరోజుల్లో మార్చాలని తబస్సుమ్ చెప్పింది. "ఆ తరవాత నన్నడగొద్దు. అప్పటికి చెయ్యడానికేం మిగలదు," అంది.

సౌదామిని ఆసుపత్రి నుంచి నేరుగా ప్రయోగశాలకి వెళ్ళి, సన్నిబాబు నాడి మీద ఏమేం వేలాడుతున్నాయో బయటికి తీసింది. అతనికి చెప్పింది నలభై. అక్కడ పదకొండు వేలకి పైగా ఉన్నాయి. రెండు ఆసుపత్రుల ఊపిరి యంత్రాలు, ఊరి నీటి పంపులు, ఓడరేవులో క్రేన్లు, చేపల శీతల గిడ్డంగులు. సగం పేర్లు చూస్తే ఏం పని చేస్తాయో కూడా అంతుపట్టలేదు. వంద మంది మీద పెట్టాల్సిన బరువు ఒక్క మనిషి మీద పెట్టి, ఆ సంగతి ఆ మనిషికీ చెప్పలేదు, అతని పెళ్ళానికీ చెప్పలేదు. చూస్తున్నకొద్దీ ఆమెకు చెవులు వేడెక్కాయి.

నిరంజన్ గది తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్ళింది.

"పదకొండు వేలు ఎప్పుడయ్యాయి నిరంజన్ గారూ?"

అతను తొణకలేదు. "కూర్చోండి దామిని గారూ. క్లయింట్లు పెరిగారు. అందరూ ఆ నాడే కావాలన్నారు. ఒక్కసారి కూడా తప్పలేదు మరి."

"మూడువందల మంది పూచీదారులున్నారని కాగితాల్లో రాశారు. ఎంతమంది ఉన్నారు?"

"ఆరుగురు."

"ఆ పదకొండు వేలనీ రేపట్నుంచి వేరేవాళ్ళ మీదికి మార్చండి. పదిరోజులుంది."

"ఆరు నెలలు పడుతుంది. ఏ ప్రోగ్రాము ఎవరిదో ఎవరికి తెలుసు? పుట్టించినవాళ్ళలో సగం మంది ఎక్కడున్నారో కూడా తెలీదు. యజమాని దొరక్కుండా ముద్ర మారదు. ఆ నియమం పెట్టింది మీరే." అతను గొంతు తగ్గించాడు. "మందులతో ఆరు నెలలు నెట్టుకురాలేరా? ఖర్చంతా కంపెనీదే."

"మా ఆయన ఆరు నెలలుండడు."

"నేను డాక్టర్ని కాదు," అన్నాడు నిరంజన్.

ఆ మాట విన్నాక సౌదామిని గొంతులో గౌరవం పోయింది. "యజమాని ఎవరో తెలుసుకోడానికి ఆరు నెలలెందుకు? నాడిని కాసేపు ఆపు. దేని అవసరం ఎవడికుందో వాడు అరుస్తాడు. అరిచినవాడే యజమాని. వాడి చేతికే పట్టీ కట్టు. ఎవడూ అరవనిదాన్ని తీసి పారెయ్యి. ఈ మాత్రం నీకు తెలీదా?"

"తెలుసు. మొత్తం ఆరుగురి మీద నడుస్తోందని కూడా అప్పుడే అందరికీ తెలుస్తుంది. మర్నాటికి కంపెనీ ఉండదు. ఇంకోమాట. పూచీదారు కావాలని నాడికి అంతరాయం కలిగిస్తే అది నేరం. సన్నిబాబు గారు ఒప్పందంలో సంతకం పెట్టారు. ఇంటికెళ్ళి ప్రశాంతంగా ఆలోచించండి."

ఆమె ఇంటికి వెళ్ళేసరికి అప్పలనరసమ్మ వరండాలో గుమ్మడికాయ ముక్కలు కోస్తోంది. సన్నిబాబు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. రెండు మాటలు ఆడితే మూడో మాటకి ఆయాసం వస్తోంది. సౌదామిని ఏదీ దాచకుండా ఇద్దరికీ చెప్పింది. కత్తిపీట మీద ముసలామె చెయ్యి ఆగింది.

"అయితే నా కొడుకు గుండెకాయ తాకట్టెట్టీసినారన్నమాట. తాకట్టెట్టింది నువ్వు, ఆడుకున్నాది ఆల్లు."

"అవునత్తయ్యా."

ఆ 'అవును' కోసం ముసలామె సిద్ధంగా లేదు. తిట్టబోయి, మళ్ళీ గుమ్మడికాయ అందుకుంది.

సన్నిబాబు మణికట్టు మీది ఊడిరాని పట్టీని అటూ ఇటూ తిప్పాడు. "నీళ్ళలో దిగితే చాలు కదా?" అన్నాడు చివరికి.

"చాలు. కానీ ఆసుపత్రులున్నాయి. ఊపిరి యంత్రాల మీద మనుషులున్నారు. చెప్పకుండా దిగితే చంపినవాళ్ళమవుతాం."

"అయితే చెప్పి దిగుదాం."

సౌదామిని రెండు రోజులపాటు ఫోను దించలేదు. ఆసుపత్రులకీ, నీటి సరఫరా ఇంజనీర్లకీ, ఓడరేవు అధికారులకీ, గిడ్డంగుల మేనేజర్లకీ ఒకటే మాట చెప్పింది. "గురువారం ఉదయం మా ఆయన సముద్ర స్నానానికి దిగుతున్నాడు. ఆయన నీళ్ళలో ఉన్నంతసేపూ మీ యంత్రాలు పనిచెయ్యవు. అన్నిటినీ మనుషుల చేతులతో నడుపుకోండి. ఏది ఆగితే మీకు కష్టమైందో రాసి పెట్టుకుని నాకు చెప్పండి." కొందరు పిచ్చిదనుకున్నారు. కొందరు, కంపెనీకి పూచీదారులు ఆరుగురే అన్న మాట విని కుర్చీల్లోంచి లేచారు. తబస్సుమ్ తన ఆసుపత్రిలో ప్రతి ఊపిరి యంత్రం పక్కనా చేతితో నొక్కే గాలి సంచితో ఒక నర్సుని నిలబెట్టింది. రెండో ఆసుపత్రికి కూడా తనే వెళ్ళి దగ్గరుండి ఏర్పాట్లు చూసొచ్చింది.

ఈ సంగతి నిరంజన్‌కి తెలియకుండా ఎలా ఉంటుంది? అతను కూడా వాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. అదంతా ఉద్యోగం పోయిన మనిషి పుట్టించిన పుకారని, ఆ నాడి ఆగదని, ఆగనివ్వమని చెప్పాడు. సౌదామిని ఉద్యోగం అంతకు గంట ముందే పోయింది.

గురువారం ఎండ బాగా కాసింది. జాలరిపేట దగ్గర ఒడ్డున పడవలు వరసగా లాగి ఉన్నాయి. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు సన్నిబాబుని గుర్తుపట్టి పలకరించారు. అతను చొక్కా విప్పి తల్లికిచ్చాడు. సౌదామిని అతని చెయ్యి పట్టుకుని మోకాలి లోతు దాకా వెళ్ళింది.

"ఈదకు. ఊరికే మునిగి ఉండు. ఆయాసమొస్తే చెయ్యెత్తు."

"నాకు నీళ్ళలో ఎలా ఉండాలో నువ్వు చెబుతావా?" అన్నాడతను. రెండేళ్ళ తరవాత ఆమె ఆ ముఖంలో నవ్వు చూసింది.

అతను నడుము లోతు దాటి, మెడ దాకా నీళ్ళలో నిలబడి, పట్టీ ఉన్న చేతిని కిందికి దించాడు. ఒడ్డున సౌదామిని చేతిలోని తెరమీద, పట్టీ నుంచి నేరుగా వచ్చే అతని నాడి గీత ఒక్కసారి వణికి ఆగిపోయింది. మనిషి ఎదురుగా బతికి కనిపిస్తున్నా ఆ గీత ఆగడం చూసి ఆమె మళ్ళీ తలెత్తి అతన్ని చూసుకుంది. మరు నిమిషంలో ఫోన్లు మొదలయ్యాయి. నీళ్ళ పంపు ఆగింది. క్రేను ఆగింది. ఫలానా లిఫ్టు ఆగింది. ఒక్కో అరుపునీ ఆమె దాని ప్రోగ్రాము పేరుతో జతచేస్తూ పోయింది.

కారు ఇసకలో దిగబడితే నిరంజన్ దిగి పరుగెత్తుకొచ్చాడు. వెంట ఇద్దరు కాపలావాళ్ళు.

"బయటికి రమ్మనండి! ఏం చేస్తున్నారో తెలుసా మీకు?"

కాపలావాళ్ళు నీళ్ళవైపు రెండడుగులు వేశారు. వలలు వదిలి జాలరులు లేచి నిలబడ్డారు. కాపలావాళ్ళు ఆగిపోయారు.

"సన్నిబాబు గారూ!" నిరంజన్ అరిచాడు. "మీ మంచికే చెబుతున్నాను. శాంతంగా బయటికి రండి!"

ఆ 'శాంతంగా' అన్న మాట నీళ్ళ మీదుగా సన్నిబాబుకి చేరింది. అతను ఇటు తిరిగాడు.

"శాంతమా?" అతని గొంతు ఒడ్డున చివరి పడవ దాకా వినిపించింది. "రెండేళ్ళనుంచీ కోపం రాకుండా బతికానురా! మా నాన్న పోయిన రోజు ఏడుస్తుంటే ఫోన్ చేశావు. నా పెళ్ళాంతో పోట్లాడుకోనివ్వలేదు. నా సముద్రం నాకు లేకుండా చేశావు. ఇంతమంది ప్రాణాలు నా గుండెకి కట్టి, నాకే చెప్పలేదు. ఇప్పుడు ఫోన్ చెయ్యి! చెయ్యరా!"

ఆయాసంతో మాట ఆగిపోయింది. సౌదామిని నీళ్ళలోకి పరుగెత్తి అతన్ని పట్టుకుంది. ముప్పావుగంట అయింది. చాలనిపించింది. ఒడ్డుకి చేర్చేసరికి గీత మళ్ళీ కదిలింది. యంత్రాలన్నీ లేచాయి.

లెక్క తేలాక సౌదామిని ఇసక మీద కూర్చుని మళ్ళీ ఒకసారి కూడి చూసింది. పదకొండు వేలలో తొమ్మిది వేలకి పైగా ప్రోగ్రాముల కోసం ఎవరూ అరవలేదు. ఎప్పుడో మూసేసిన శాఖలకి, మానేసిన మనుషులకి, ఎవరూ చదవని నివేదికలకి పనిచేస్తున్న ప్రోగ్రాములు. ఎవరికీ అక్కర్లేని వాటి కోసం ఈ మనిషికి ఈత లేకుండా, ఏడుపు లేకుండా చేశారు. ఇంకో ఆరు నెలలు ఆగమన్నారు.

నిజంగా కావలసినవి ఎవరివో తెలిసింది కదా, మిగతా పని చకచకా జరిగిపోయింది. క్లయింట్లు కంపెనీ మీద విరుచుకుపడ్డారు. గోదాంలో పడివున్న పట్టీలు బయటికొచ్చాయి. ఎవరి యంత్రానికి వాళ్ళ మనిషే పూచీ పడ్డాడు, పదో పన్నెండో చొప్పున, వంతుల వారీగా. నాలుగు రోజుల్లో సన్నిబాబు నాడి మీద ఒక్కటి కూడా మిగల్లేదు. వారం తిరక్కుండా తబస్సుమ్ అతని గుండె ఆపి, వాల్వు మార్చి, మళ్ళీ కొట్టుకునేలా చేసింది. తలుపు బయట అప్పలనరసమ్మ కోడలి చెయ్యి పట్టుకునే కూర్చుంది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది.

ఆ గురువారం నిరంజన్ మాట నమ్మిన చోటు ఒక్కటుంది. రొయ్యల శీతల గిడ్డంగి. సౌదామిని ఫోన్ చేసినప్పుడు "సరేనమ్మా" అన్న మేనేజరు, నిరంజన్ ఫోన్ రాగానే పని ఆపనక్కర్లేదన్నాడు. నాడి ఆగగానే రొయ్యల్ని గడ్డకట్టించే గది తలుపు బిగుసుకుంది. లోపలి పిడి ఎప్పుడో తుప్పు పట్టింది. తడి చేతి తొడుగులతో రొయ్యల పెట్టెలు సర్దుతున్న పోలమ్మ ఆ ముప్పావుగంటా లోపలే ఉండిపోయింది. కుడిచేతి వేళ్ళు రెండు తీసెయ్యాల్సొచ్చింది.

సంగతి తెలిసిన రోజే సౌదామిని వెతుక్కుంటూ వెళ్ళింది. రేకుల ఇంటి ముందు పోలమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి. సౌదామిని ఎవరో తెలిశాక కూడా కూర్చోమనలేదు.

"నీ మొగుడు బతికినాడా?"

"బతికాడు."

"నా మొగుడూ గుండెతోనే పోనాడు. ఆడి కోసం నాను ఎవులి యేళ్ళూ తియ్యనేదు."

సౌదామిని నిలబడే ఉంది. "అందరికీ ముందే చెప్పాను. నిరంజన్ అనే ఆయన వాళ్ళకి ఫోన్ చేసి, అబద్ధమని..."

"నాకు సెప్పినావా?"

"మీ మేనేజరుకి చెప్పాను."

"మేనేజరు సేతులున్నాయా, పోనాయా?"

"ఉన్నాయి."

"మరి గదిలోకెల్లేది ఆడా, నానా? ఎవుళ్ళు లోపలుంటారో ఆల్లకి సెప్పాల గాని, కుర్సీలో కూకున్నోడికి సెప్తావేటి?"

రెండు రోజులు ఫోను దించకుండా సౌదామిని మాట్లాడింది అధికారులతో, ఇంజనీర్లతో, మేనేజర్లతో. కూలీల్లో ఒక్కరితోనూ మాట్లాడలేదు. ఆ ఆలోచనే రాలేదు. ఐసు ఫ్యాక్టరీలో పోయిన ముగ్గురి కోసం ఇదంతా మొదలుపెట్టానని ఐదేళ్ళుగా ఊరంతా చెప్పుకుంటున్న మనిషి ఆమె. నిరంజన్ మీద ఉన్న కోపమంతా అలాగే ఉంది, ఒక్క రవ్వ తగ్గలేదు. దాని పక్కనే తన మీద ఇంకో కోపం వచ్చి కూర్చుంది.

"పోలీస్ స్టేషనుకి వెళ్దాం, వస్తారా?" అంది. "కంపెనీ నా మీద కేసు పెట్టింది. నష్టం జరిగిందని. మీ చెయ్యి మాట అందులో ఎక్కడా లేదు. గిడ్డంగివాళ్ళు ప్రమాదమని రాసుకుని మూసేస్తారు. మీరు చెబితే మూయలేరు."

పోలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "నీ మీదా సెప్తాను."

"చెప్పండి."

స్టేషన్లో ఎస్సై మర్యాదగానే కూర్చోబెట్టాడు. పోలమ్మ జరిగింది చెప్పింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి అతను కలం ఆపాడు.

"తలుపు ఎవరు వేశారమ్మా?"

"ఎవులూ ఎయ్యనేదు బాబూ. అదే పడిపోనాది."

"అదే పడిపోతే నేనెవరి మీద రాయను? ప్రమాదమనే రాయాలి."

"ప్రమాదం కాదు," అంది సౌదామిని. "ఆ తలుపుని నడిపేది ఒక ప్రోగ్రాము. అది ఎవరి పూచీ మీద నడవాలో తప్పుగా పెట్టింది నిరంజన్. హెచ్చరిక వచ్చాక పట్టించుకోవద్దని చెప్పింది కూడా అతనే. మొదటి పేరు అతనిది రాయండి. రెండో పేరు, విన్న హెచ్చరికను దాచిన మేనేజరుది. మూడోది నాది. నాడి ఆపించింది నేను. లోపల మనుషులుంటారని ఆలోచించనిదీ నేనే."

ఎస్సై రాయలేదు. ఇలాంటి వాంగ్మూలం అతని సర్వీసులో ఎప్పుడూ విన్నట్టు లేదు. "మీ మీద ఇప్పటికే ఒక కేసుంది మేడమ్. లాయర్ని అడిగి రండి. మీ పేరు లేకపోయినా ఫిర్యాదు నిలబడుతుంది."

"నిలబడదు. నాడి ఆపించింది నేనని రాయకపోతే ఆ తలుపు నాడి మీద నడుస్తోందన్న మాటే రాదు, నిరంజన్ దాకా దారి ఉండదు. తలుపు దగ్గరే ఆగిపోతుంది."

అతను నిట్టూర్చి కాగితం ముందుకి లాక్కున్నాడు. ఒకటి వేసి నిరంజన్ పేరు రాశాడు. రెండు వేశాడు.

"ఆగు బాబూ," అంది పోలమ్మ. కట్టు కట్టిన చేతిని బల్లమీద పెట్టింది. "రెండోది మేనేజరు కాదు. ఆడికి తెలిసింది సగమే. ఈవిడికి మొత్తం తెలుసు. రెండోది ఈవిడ పేరెట్టు."

ఎస్సై తలెత్తి సౌదామిని వైపు చూశాడు.

"ఆవిడ చెప్పినట్టే రాయండి," అంది సౌదామిని.